రెండడుగుల సముద్రం

మా ఊరికి సముద్రం ఎంత దూరమో నేనెప్పుడూ చూసుకోలేదు. చూసుకుని ఉంటే ఈ పని పెట్టుకునేవాణ్ని కాదు. మాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే జల్‌పల్లి చెరువే. అది కూడా వానలు దయతలిస్తేనే. అలాంటి చోట, ఎయిర్‌పోర్టు గోడ కనిపించేంత దగ్గర్లో, రెండు గదుల స్లాబు ఇంట్లో, టీవీ పక్కన సముద్రాన్ని పెట్టాలని 2011లో నాకు బుద్ధి పుట్టింది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. నా ఈడువాళ్ళందరికీ ఆపాటికి పెళ్ళిళ్ళయ్యాయి, బాధ్యతలు తెలిశాయి. నాకు ఉద్యోగం మాత్రం వచ్చింది.

ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. దిగిన పెట్టెల మీద కాగితం చూడటం, రిజిస్టరులో రాయడం, ఏది ఏ షెడ్డుకు పోవాలో చెప్పడం. మా అమ్మ మాత్రం చుట్టాలతో "మావోడు విమానాలు సూసుకుంటడు" అని చెప్పేది. నేను కాదనేవాణ్ని కాదు. ఒక రోజు తెల్లటి థర్మకోల్ పెట్టెలు కొన్ని దిగాయి. వాటి మీద చేప బొమ్మ. ఒక పెట్టె మూత ఊడిపోయింది. సరిచేద్దామని వంగితే లోపల నీళ్ళు, గాలి నింపి ముడేసిన ప్లాస్టిక్ సంచి, అందులో బొటనవేలంత చేప. నారింజ రంగు ఒంటికి మూడు తెల్ల పట్టీలు. అది నావైపు తిరిగి చూసింది. చూసిందనే నేను అనుకున్నాను. ఆ పెట్టె ఎవరో పెద్దమనిషి బంగళాకు పోతోందని పక్కనున్న లోడరు చెప్పాడు. వాళ్ళింట్లో ఉన్నది మా ఇంట్లో ఎందుకుండకూడదు అనిపించింది. నా జీవితంలో చాలా తప్పులు ఈ ఒక్క ప్రశ్నతోనే మొదలయ్యాయి.

మర్నాడు శంషాబాద్ బస్టాండు దగ్గరున్న ఇంటర్నెట్ దుకాణంలో కూర్చుని, ఉప్పునీళ్ళ అక్వేరియం గురించి దొరికిందల్లా ప్రింటు తీసుకున్నాను. అన్నీ ఇంగ్లీషులో, ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో రాసుకున్న సలహాలు. మొదటి పది పేజీలు శ్రద్ధగా చదివాను, కింద గీతలు కూడా పెట్టుకున్నాను. మిగతావి తర్వాత చదువుదామని బీరువా మీద పెట్టాను. పది పేజీలు చదివినవాడికి వచ్చే ధైర్యం పుస్తకమంతా చదివినవాడికి రాదు.

ఇక్కడ మా నాన్న గురించి, మా బాపు గురించి చెప్పాలి. ఎందుకంటే ఈ తతంగమంతా ఆయన కోసమేనని నేను ఊరందరికీ చెప్పుకున్నాను. అందులో సగం నిజం. మా మూడెకరాలు ఎయిర్‌పోర్టు కింద పోయాయి. ఇప్పుడు దానిమీద ఏముందో మాకు తెలియదు. బాపు మాత్రం రన్‌వే దీపాలు మొదలయ్యే చోటే మన పొలానికి నీళ్ళిచ్చిన బాయి ఉండేదని చెప్పేవాడు. ఆయన చెయ్యి మంచిదని ఒకప్పుడు ఊళ్ళో పేరు. ఎవరి మడిలో నాటు మొదలుపెట్టాలన్నా మొదటి నారుకట్ట ఆయన చేతికిచ్చేవారు. ఆయన నాటింది చచ్చిందన్న మాట నేను వినలేదు. పొలాలే లేకుండా పోయాక మంచి చేతితో ఎవరికి పని? తెల్లవారక ముందే లేచే అలవాటు మాత్రం పోలేదు. లేచి, వరండాలో నవారు మంచం మీద కూర్చుని, విమానాలు దిగుతుంటే చూసేవాడు. ఏ కూర వండమంటావంటే "ఏదన్న సరే" అనేవాడు. ఇంటికి ఏ రంగు వేద్దామంటే "మీ ఇష్టం" అన్నాడు. కొన్నాళ్ళకు మేము అడగడం మానేశాం. అడిగినా అదే జవాబు గదా అని మా సౌకర్యం.

పాతబస్తీలో ఒక చేపల దుకాణం ఉండేది. దాని యజమాని నన్ను కూర్చోబెట్టి, చాయ్ తాగించి, "దేఖో అన్నా, మంచినీళ్ళ చేప ఎవలన్న పెంచుతరు. సముద్రం చేపంటే దాని షాన్ వేరే. జర సబర్ కావాలె, గంతే" అన్నాడు. నాకు ఓపిక తప్ప ఇంకేం తక్కువ లేదని ఆయనకు తెలియదు. రెండడుగుల అద్దాల తొట్టి, నీళ్ళను లోపల తిప్పే చిన్న మోటారు, తెల్ల దీపం, నీలి దీపం, సంచెడు ఇసుక, కొన్ని రాళ్ళు, ఉప్పు కొలిచే ముల్లు ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ఒక బకెట్టు ఉప్పు, ఇవన్నీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

అమ్మకు అన్నిటికన్నా ఉప్పు దగ్గర మండింది.

"ఉప్పు కొనుక్కొచ్చినవా? ఇంట్ల జాడీ నిండ ఉన్నది గద."

"అది వేరే అమ్మా. ఇది సముద్రం ఉప్పు."

"అది మరి గుట్టల మీద కాసిందా?"

దీనికి జవాబు నా పది పేజీల్లో లేదు. తర్వాత రాళ్ళ వంతు వచ్చింది. ప్రాణమున్న రాళ్ళని, వాటి రంధ్రాల్లో కంటికి కనపడని జీవాలుంటాయని, నీళ్ళను శుభ్రం చేసేది అవేనని చెప్పాను. అమ్మ ఒక రాయిని తీసి అటూ ఇటూ తిప్పి వాసన చూసి, "పానమున్నదో లేదో గని కంపు మాత్రం ఉన్నది" అని కొంగుతో ముక్కు మూసుకుంది. మోటారు చూసి మరో మాట కూడా అంది. మన బోరుకు గూడ ఇంత మంచి మోటారు లేకుండె, అని.

నీళ్ళు కలిపే పని మాత్రం నేను యజ్ఞంలా చేశాను. బోరునీళ్ళు పనికిరావని ప్లాంటు నుంచి క్యాను నీళ్ళు తెచ్చాను. ఉప్పు కలిపాను, ముల్లు పెట్టి కొలిచాను, సరిగ్గా పచ్చగీత మీద నిలిచింది. ఆ కొలిచే డబ్బాను కడిగి, తుడిచి, దాని అట్టపెట్టెలోనే మళ్ళీ పెట్టి బీరువాలో దాచాను. మా ఇంట్లో కొత్త సామాను అలాగే ఉంటుంది. టీవీ రిమోటుకు ఇప్పటికీ ప్లాస్టిక్ కవరు ఉంది, లోపల అంకెలు కనిపించకపోయినా సరే.

ఆ తర్వాత అయిదు వారాలు చేపలు లేవు. రాళ్ళు కుదురుకోవాలి, నీళ్ళు కుదురుకోవాలి, అప్పటిదాకా ఏదీ వెయ్యకూడదు. ఇది నా పది పేజీల్లో ఉన్న ముచ్చటే కాబట్టి పాటించాను. ఊళ్ళో మాత్రం కబురు ముందే పాకింది. సముద్రం చూడటానికి మనుషులు రావడం మొదలుపెట్టారు. మా మేనత్త బాలాపూర్ నుంచి పనిగట్టుకుని వచ్చి, నీలిదీపం కింద నాలుగు రాళ్ళు చూసి, కాసేపు మర్యాదగా నిలబడి, "మంచిగున్నది బిడ్డా. చేపలు లోపట పండుకున్నయా?" అని అడిగింది. లేవని చెబితే ఆమె నావైపు చూసిన చూపు నాకు గుర్తుంది. దవాఖానలో మనిషిని చూసినట్టు చూసింది.

శివరాత్రి దాటాక చేపలు తెచ్చాను. పట్టీల చేపలు రెండు, గొడుగుల్లా విచ్చుకునే మెత్తని పగడం ఒకటి. సంచీలు చొక్కా లోపల పొట్టకు ఆనించి పెట్టుకుని, బండి మీద పహాడీ షరీఫ్ దారిలో గుంతలన్నీ తప్పించుకుంటూ వచ్చాను. దారిలో ఇద్దరు ముగ్గురు నా పొట్ట చూసి నవ్వారు. ఇంటికొచ్చి చేపల సంచీ బాపు చేతికిచ్చాను.

"నువ్వే ఇడువు బాపూ. నీ చెయ్యి మంచిది."

ఆయన సంచీని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, తొట్టి మీదికి వంగి, నారు నాటేటప్పుడు వంగినట్టే వంగి, మెల్లగా వదిలాడు. చేపలు రెండూ రాళ్ళ సందులోకి దూరి, కాసేపటికి తలలు బయటపెట్టాయి. బాపు నవ్వాడు.

ఆ రోజు నుంచి వరండాలోని మంచం ముందుగదిలోకి వచ్చింది. బాపు పొద్దున్నే లేచి దీపం వేసేవాడు, చిటికెడు మేత వేసేవాడు, "ఏందిరా, ఆకలైందా?" అని పలకరించేవాడు. నాతో అన్ని మాటలు ఆయన ఏడాదిలో మాట్లాడలేదు. తొట్టి అద్దం అంచులన్నీ రోజూ తడిగుడ్డతో తుడిచేవాడు. పగడం విచ్చుకుంటే అమ్మను పొయ్యి దగ్గర్నుంచి పిలిచి చూపించేవాడు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద మా నెత్తిన ఫ్యాను తిరగాలా, చేపల మోటారు తిరగాలా అన్న పంచాయితీలో ఆయన చేపల పక్షం. ఆ ఎండాకాలం కరెంటు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేది కాబట్టి మేము చెమటలు కక్కుతుంటే చేపలు హాయిగా ఈదేవి. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి బాపు దగ్గరుండి చూపించాడు. "ఇది ఆడది, ఇది మొగది" అని చెప్పేవాడు. ఏది ఏదో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

ఏప్రిల్ ముదిరేసరికి నీళ్ళు వేడెక్కకుండా తొట్టి మీద ఒక చిన్న ఫ్యాను బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఫ్యాను గాలికి నీళ్ళు చల్లబడ్డాయి. ఆవిరి కూడా అయ్యాయి. రోజుకు రెండు వేళ్ళ మందం తగ్గేవి. అద్దం మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత గీసి, ఒక డ్రమ్ములో ఉప్పునీళ్ళు కలిపి పెట్టి బాపుకు పని అప్పగించాను.

"రోజు పొద్దుగాల గీ గీత దాక పొయ్యాలె బాపూ. ఉప్పునీళ్ళే. మంచినీళ్ళు పోస్తే చస్తయి."

"దినాం ఉప్పునీళ్ళేనా?" అన్నాడు.

"దినాం. నేను సదివిన."

నా లెక్క చాలా గొప్పది. తగ్గింది సముద్రం, కాబట్టి పోయాల్సిందీ సముద్రమే. బాపు మర్నాటి నుంచి చెంబుతో నీళ్ళు పోసేవాడు. గీతకు పైన ఒక చుక్క ఉండేది కాదు, కింద ఒక చుక్క ఉండేది కాదు. ఉద్యోగంలో నేను ఒక్కనాడూ అంత శ్రద్ధ చూపించలేదు.

మూడు వారాలు గడిచాయి. ముందు పగడం ముడుచుకుంది. పొద్దున విచ్చుకునేది కాస్తా రోజంతా పిడికిలి బిగించుకుని ఉండిపోయింది. తర్వాత చేపలు మేతకు రావడం తగ్గించాయి. ఒక మూల అడుగున చేరి దవడలాడిస్తూ ఉండేవి. దుకాణం ఆయనకు ఫోను చేస్తే దీపం ఎక్కువైందన్నాడు, మళ్ళీ చేస్తే దీపం తక్కువైందన్నాడు, మూడోసారి "నజర్ తగిలింది అన్నా" అన్నాడు. నేను మూడూ నమ్మాను. దీపం తగ్గించాను, పెంచాను, అమ్మ చేత దిష్టి కూడా తీయించాను. చేపకు దిష్టి తీయడం మా వంశంలో అదే మొదలు.

ఒక పొద్దున నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒక చేప లేదు. బాపు దాన్ని అప్పటికే పెరట్లో బొప్పాయి చెట్టు మొదట్లో పాతిపెట్టాడు. చేతులు కడుక్కోకుండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మట్టి అంటిన అరచెయ్యి చూసుకుంటూ, "నా చేతిల ఇగ ఏదీ బతుకది" అన్నాడు.

నేను ఏదో అన్నాను. చేపలన్నాక చస్తాయి లాంటిదేదో. ఆయన వినలేదు. ఆ సాయంత్రం మంచాన్ని తనే ఎత్తి వరండాలో వేసుకున్నాడు. మర్నాడు పొద్దున దీపం ఎవరూ వెయ్యలేదు. నేను వేస్తే, మిగిలిన ఒక్క చేప మూల నుంచి కదలలేదు. బాపు విమానాలు చూస్తున్నాడు. చేప పోతే ఇంకోటి తేవచ్చు. ఆ మంచం మాత్రం మళ్ళీ లోపలికి రాదని నాకు భయం పట్టుకుంది.

సంగతి కనిపెట్టింది అమ్మ. తొట్టి కింద నేల తుడుస్తుంటే ఫ్యాను గాలికి రెండు చుక్కలు ఎగిరి ఆమె పెదవి మీద పడ్డాయట. "థూ" అని ఉమ్మి, నన్ను కేకేసింది.

"ఏందిరా గిది? ఉప్పు కసం లెక్క ఉన్నది. దినాం ఏం పోస్తున్నరు దీంట్ల?"

"ఉప్పునీళ్ళు."

"పులుసు మసిలి దగ్గరికైతే ఏం పోస్తరురా? నీళ్ళు పోస్తరా, మల్ల ఉప్పేస్తరా?"

నేను బీరువాలోంచి అట్టపెట్టె తీసి, కొలిచే డబ్బాను మొదటి రోజు తర్వాత మొదటిసారి నీళ్ళలో ముంచాను. ముల్లు పచ్చగీత దాటి, ఎర్రగీత దాటి, అంకెలు అయిపోయిన చోట పైకి కొట్టుకుని ఆగింది. బీరువా మీది కాగితాలు దించి చూస్తే, పద్నాలుగో పేజీలో పెద్దక్షరాలతో ఉంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు అక్కడే ఉంటుంది, కాబట్టి తగ్గినంత మేరా మంచినీళ్ళే పోయాలి. రాసినవాడు కింద రెండు గీతలు కూడా పెట్టాడు, నాలాంటివాడి కోసమే అనుకుంటాను.

వెంటనే వరండాలోకి వెళ్ళి చెప్పేయాల్సింది. చెప్పలేదు. రెండు రోజులు చెప్పలేదు. అమ్మతో కూడా, ఎండకు అట్లయిందని గొణిగాను. విమానాలు చూసుకునేవాడినన్న పేరు ఉంది, ఇంగ్లీషు చదివి సముద్రం పెట్టినవాడినన్న పేరు ఉంది, చేపను చంపిన పేరు మాత్రం బాపుకు వస్తే నాకేం నష్టం? ఇంత నీచంగా ఆలోచించానని అప్పుడు అనుకోలేదు. పని ఎక్కువై వీలు కాలేదని అనుకున్నాను. తొట్టిలోంచి కాస్త నీళ్ళు తీసి కాస్త మంచినీళ్ళు పోస్తూ, ఆయన చూడకుండా సరిచేద్దామనుకున్నాను. అన్నం పెట్టినప్పుడు బాపు కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకుని కంచంలో పెట్టడం రెండుసార్లు చూశాను. రెండోసారి నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

మూడో రోజు పొద్దున్నే వరండాలోకి వెళ్ళి ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాను.

"బాపూ, తప్పు నీది కాదు. నాది. దినాం ఉప్పునీళ్ళు పొయ్యిమని నేనే తప్పు చెప్పిన. నీళ్ళు పోతయి గని ఉప్పు ఆడనే ఉంటదట."

ఆయన నావైపు తిరగలేదు.

"నాకెర్కే" అన్నాడు.

"ఏం ఎర్క?"

"మన కింది మడి సౌడు పట్టలేదా. నీళ్ళు పెట్టుడు, ఎండుడు, నీళ్ళు పెట్టుడు, ఎండుడు. పైన తెల్లగ ఉప్పు పూసేది. నాలుగేండ్లు కొట్లాడిన దానితోని. గా అద్దం అంచులకు తెల్లగ పూసిననాడే సమజైంది. దినాం తుడుస్తనే ఉన్న."

"మరి చెప్పకపోతివి?"

"అడిగిన గద ఒకనాడు. సదివిన అంటివి. సదువుకున్నోనివి. సముద్రం సంగతి నాకేం తెలుసు, సౌడుకు దీనికి ఏం సంబంధమో అనుకున్న."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. తెలిసీ, నా మాట కాదనలేక, పొద్దుకో చెంబు చొప్పున తన చేత్తో పోశాడు. తన చెయ్యి పనికిరాదని ఆయన అన్నది ఆ పోయడం గురించి. నాకు ఏడుపొచ్చింది. ఒకప్పుడు ఊరంతా ఈయన్ని అడిగేది. ఇంట్లో ఆయన్ని ఏదీ అడగక్కర్లేదని నిర్ణయించుకున్నది మేమే, ముఖ్యంగా నేను.

"ఇప్పుడేం చేద్దాం బాపూ? ఒకటి ఇంక బతికే ఉన్నది" అన్నాను.

అప్పుడు నావైపు తిరిగాడు. నిజంగానే అడుగుతున్నానా, మాట వరసకు అంటున్నానా అని నా ముఖం చూశాడు. లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ముఖం చిట్లించి, చేపను చూసి, అడుగున ముడుచుకున్న పగడాన్ని చూశాడు.

"ఒక్కపారే మంచినీళ్ళు పోస్తివా, గిది సుత ఆగం. జర జర తియ్యాలె, జర జర పొయ్యాలె. తొందరపడొద్దు."

నేను చెంబు తెచ్చాను.

"ఎన్ని పొయ్యాలె? రెండా, మూడా? ఇయ్యాలనే చేద్దామా, రేపు..."

"నేను జెప్త గద!" అని కసిరాడు.

భూమి పోయాక ఆయన నన్ను కసరడం అదే మొదటిసారి. నేను నోరు మూసుకుని, చెంబు పట్టుకుని, ఆయన చెప్పేదాకా నిలబడ్డాను.